మాంటిస్సోరి, వాల్డార్ఫ్, రిషి వ్యాలీ: పిల్ల తప్పు చేసినప్పుడు ఏ బడి మేలు?

రెండో తరగతి చదివే పిల్ల ఏడుకు ఎనిమిది కలిపి పద్నాలుగు అని వేసిందనుకుందాం. మనం చదువుకున్న బళ్లలో ఆ తప్పును పంతులుగారి ఎర్ర సిరా మొదట చూసేది, ఆ తర్వాత పక్క బల్ల మీది పిల్లలు చూసేవారు, సాయంత్రానికి ఇంట్లోవాళ్లు చూసేవారు. వేసిన పిల్ల మాత్రం అందరికన్నా ఆఖరున, అదీ తల వంచుకుని చూసుకునేది. సమగ్ర విద్య అనే మాటను ఇవాళ ప్రతి బడీ తన కరపత్రం మీద అచ్చు వేయించుకుంటోంది కనుక, యోగా తరగతి ఉందా, ఈత కొలను ఉందా అని ఆరా తీయడం కన్నా, పిల్ల తప్పు చేసినప్పుడు అక్కడ ఏం జరుగుతుందో కనుక్కోవడమే బళ్లను పోల్చడానికి నమ్మదగిన పద్ధతి అని నాకు తోస్తుంది. ఆ ప్రశ్నతో ఇక్కడ చూడబోయేవి మూడు: మాంటిస్సోరి బడి, వాల్డార్ఫ్ బడి, మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ.

ఈ మూడింటి పూర్వ కథలో ఒక విచిత్రమైన ముడి ఉంది. అది మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ అనే ఆధ్యాత్మిక సంస్థ) దగ్గర పడింది. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని ఆ సమాజం పెద్దలు 1909లో అడయారులో గుర్తించి, రాబోయే జగద్గురువు ఇతడేనని నమ్మి, 1911లో ఆయన చుట్టూ ఒక సంఘాన్ని కట్టారు. అప్పట్లో జర్మనీ శాఖకు పెద్దగా ఉన్న రుడాల్ఫ్ స్టైనర్ దీన్ని అంగీకరించలేక తెగతెంపులు చేసుకుని వేరే దారి పట్టారు. 1919లో స్టుట్‌గార్ట్‌లో వాల్డార్ఫ్ ఆస్టోరియా సిగరెట్ల ఫ్యాక్టరీ కార్మికుల పిల్లల కోసం ఆయన మార్గదర్శకత్వంలో తెరిచిన బడే మొదటి వాల్డార్ఫ్ బడి. 1907లో రోమ్ నగరంలో బాలగృహం అనే పేరుతో తన తొలి పసిపిల్లల బడిని తెరిచిన మరియా మాంటిస్సోరి 1939లో అదే సమాజం ఆహ్వానం మీద అడయారుకు వచ్చి, యుద్ధం కారణంగా 1946 వరకు మన దేశంలోనే ఉండిపోయి, ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. ఇక కృష్ణమూర్తి 1929లో హాలండులోని ఓమెన్‌లో తన కోసం కట్టిన సంఘాన్ని తానే రద్దు చేశారు. గురువుగా పెంచిన మనిషే గురుపీఠాన్ని కాదని లేచి వచ్చారన్న సంగతి గుర్తుంటే, ఆయన ఆలోచనల మీద నడిచే రిషి వ్యాలీ సగం అర్థమైనట్లే.

మాంటిస్సోరి గదిలో తప్పును వస్తువే చెబుతుంది. కొయ్య దిమ్మెలో పది గుంటలు, వాటిలో అమరే పది గుండ్రటి కొయ్య ముక్కలు ఉంటాయి. ఒక ముక్కను తనది కాని గుంటలో పెడితే చివరికి ఒకటి ఎక్కడా పట్టక చేతిలో మిగులుతుంది, అప్పుడు పిల్ల ఎవరి ముఖమూ చూడకుండా మళ్లీ మొదలుపెడుతుంది. నీళ్లు ఒంపుకోవడానికి ప్లాస్టిక్ గ్లాసు కాక గాజు గ్లాసు ఇవ్వడం వెనక ఉన్న ఆలోచన కూడా ఇదే: జారితే పగిలి, తప్పును అదే చెబుతుంది. మనం మొదట చెప్పుకున్న కూడికను ఇక్కడి పిల్ల ఏడు పూసల కడ్డీని, ఎనిమిది పూసల కడ్డీని పక్కపక్కన పెట్టి లెక్కపెడుతుంది. పద్నాలుగు అన్నా, పదిహేనో పూస కళ్లెదుటే ఉంటుంది. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు ఒకే గదిలో కలిసి ఉండటం, ఉదయం దాదాపు మూడు గంటలు ఎవరూ ఆటంకపరచకుండా తాము ఎంచుకున్న పనిలో మునగనివ్వడం, ఒక్కో వస్తువు గదికి ఒక్కటే ఉండి మిగతావారు తమ వంతు కోసం ఆగవలసిరావడం, ఇవన్నీ దీనికి బలమిచ్చే ఏర్పాట్లు. గరుకు కాగితంతో చేసిన అక్షరాలను వేలితో దిద్దించి ధ్వనితో కలపడం తెలుగు లిపికి చక్కగా నప్పే పద్ధతి, ఎందుకంటే మన అక్షరం పలికినట్టే ఉంటుంది. గుణింతాలూ ఒత్తులూ వచ్చేసరికి మాత్రం ఉపాధ్యాయురాలు సొంత బుర్ర పెట్టక తప్పదు.

చిక్కల్లా బడి పేరు రాసిన బోర్డు దగ్గర వస్తుంది. మాంటిస్సోరి అనే పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు కనుక, మన పట్టణాల్లో ఆ పేరుతో నడిచే ఎన్నో బళ్లలో నాలుగేళ్ల పిల్లలు వరసల్లో కూర్చుని ఇంటిపని రాసుకెళ్తుంటారు. అల్మారాల్లో వస్తువులు తళతళలాడుతూ కనిపిస్తే సంతోషించకండి. పిల్లల చేతులు పడిన వస్తువు కాస్తయినా మాసి ఉంటుంది.

వాల్డార్ఫ్ బడిలో తప్పును సరిదిద్దే బాధ్యత వస్తువుది కాదు, మనిషిది. ఒకటో తరగతిలో చేయి పట్టుకున్న ఉపాధ్యాయుడే వీలైనంతవరకు ఎనిమిదో తరగతి దాకా అదే గుంపుతో నడుస్తాడు. పొద్దున్నే రెండు గంటల పాటు సాగే ప్రధాన పాఠంలో ఒకే విషయాన్ని మూడు నాలుగు వారాలు తీసుకుంటారు. ముందురోజు విన్నదాన్ని మర్నాడు పిల్లలే తమ మాటల్లో, బొమ్మలతో సహా రాసుకుంటారు, చిన్న తరగతుల్లో అదే వారి పాఠ్యపుస్తకం. లెక్కలు విడి అంకెల నుంచి మొత్తానికి కాక, మొత్తం నుంచి విడి అంకెలకు నడుస్తాయి: ఏడూ ఎనిమిదీ ఎంత అని అడగరు, పదిహేను ఎన్ని రకాలుగా విడిపోతుందో చెప్పమంటారు. ఆ ప్రశ్నకు సరైన జవాబులు చాలా ఉంటాయి కనుక తప్పు పరువు సమస్య కాకుండా పోతుంది. ఈ ఒక్క మలుపు కోసమైనా స్టైనర్‌ను మెచ్చుకోవచ్చు.

అయితే ఇక్కడ చదవడం, రాయడం నేర్పేది ఏడో ఏడు దగ్గరపడ్డాకే. అంతవరకు కథలు, పాటలు, మైనపు రంగులు, అల్లికపని. హైదరాబాదులో 1997లో మొదలైన స్లోక అనే బడితో ఈ పద్ధతి తెలుగునాట వేళ్లూనుకుంది గాని, అపార్ట్‌మెంటులో పక్కింటి అయిదేళ్ల పిల్లవాడు ఇంగ్లీషు పేరాలు గడగడ చదువుతుంటే తన బిడ్డ ఇంకా మైనం పిసుకుతూ కూర్చోవడాన్ని సహించే గుండె ప్రతి తల్లికీ తండ్రికీ ఉండదు. భయపడి రెండో తరగతిలోనే బడి మారిస్తే ఆ పిల్ల రెండింటికీ కాకుండా పోతుంది; చేర్పిస్తే కనీసం అయిదో తరగతి దాకా ఉంచే ధైర్యం ఉండాలి. ఎనిమిదేళ్ల ఉపాధ్యాయుడన్నది వరమే, కాని ఆ ఉపాధ్యాయుడితో పిల్లకు పొసగకపోతే అదే శిక్ష అవుతుంది. పైగా ఈ పాఠ్యక్రమం వెనక పునర్జన్మలతో సహా స్టైనర్ ఆధ్యాత్మిక సిద్ధాంతం ఉంది. పిల్లలకు దాన్ని బోధించరు గాని, తల్లిదండ్రులు తెలుసుకుని చేర్చడం మంచిది.

రిషి వ్యాలీ నాలుగో తరగతి నుంచి పన్నెండో తరగతి దాకా ఉన్న వసతి పాఠశాల. 1926ను తన ఆరంభంగా చెప్పుకునే ఈ బడి కరవు సీమలో, కొండల మధ్య, ఒక పెద్ద మర్రిచెట్టును ఆసరాగా చేసుకుని పెరిగింది. దశాబ్దాలుగా నాటిన చెట్ల వల్ల బోడికొండల లోయ పచ్చబడి, 1991లో పక్షుల రక్షిత ప్రాంతమైంది. ఇక్కడ తప్పును వస్తువుకూ ఉపాధ్యాయుడికీ కూడా అప్పగించరు. ర్యాంకులు, బహుమతులు, ఒకరితో ఒకరిని పోల్చడం అనేవి భయాన్ని పెంచుతాయనీ, భయపడే బుద్ధి నేర్చుకోజాలదనీ కృష్ణమూర్తి జీవితాంతం చెప్పారు. కాబట్టి తప్పు చేసినవాడు తన తప్పును తానే నిదానంగా చూసుకునే తీరికను ఇవ్వడమే బడి పని అవుతుంది. సాయంత్రం పిల్లలంతా గుట్ట మీద మౌనంగా కూర్చుని పొద్దు గుంకడాన్ని చూసే అస్తాచల్ అనే ఆచారాన్ని బయటివారు ధ్యానం అనుకుంటారు. అక్కడ మంత్రమూ లేదు, సాధించవలసిన స్థితీ లేదు, ఊరికే చూడటమే ఉంది.

దీని లోటు కూడా ఈ తీరికలోనే ఉంది. తనంతట తాను కదలని పిల్లవాణ్ణి వెనక నుంచి నెట్టేవారు లేకపోతే కొన్నేళ్లు ఊరికే దొర్లిపోవచ్చు. తొమ్మిదేళ్లకే ఇంటికి దూరమైన పిల్లకు కొండలూ పక్షులూ అమ్మ స్థానంలోకి రావు. పదో తరగతిలో ఐసీఎస్‌ఈ, పన్నెండులో ఐఎస్‌సీ పరీక్షలు ఎలాగూ వస్తాయి. మనవాళ్లలో చాలామంది పది కాగానే పిల్లల్ని ఇలాంటి బడి నుంచి తెచ్చి, పొద్దున్నుంచి రాత్రి దాకా మాదిరి పరీక్షలు రాయించే ఇంటర్ కాలేజీలో పడేస్తారు. ఆ ఉద్దేశం ముందే ఉన్నవారు ఇక్కడ చేర్పించకపోవడమే ఆ పిల్లకు చేసే మేలు.

ఏది మేలని సూటిగా అడిగితే, ఆరేళ్ల లోపు పిల్లకు నికార్సయిన మాంటిస్సోరికి సాటివచ్చేది లేదంటాను. ఆ తర్వాత ఆలుమగలిద్దరూ ఒక మాట మీద ఉండి, పక్కింటి లెక్కలు పట్టించుకోకుండా ఉండగలిగితే వాల్డార్ఫ్. పది పదకొండేళ్లు వచ్చి, ప్రశ్నలు అడిగే అలవాటున్న పిల్ల తానే వెళ్తానంటే రిషి వ్యాలీ. కాని ఈ మూడూ ప్రధానంగా ఇంగ్లీషులో నడిచేవి, ఫీజు కట్టగలిగిన ఇళ్లకే అందేవి.

అందుకే రిషి వ్యాలీ చుట్టుపక్కల పల్లెల కోసం ఆ సంస్థ నడిపిన ఏకోపాధ్యాయ బళ్లు నాకు అసలు బడికన్నా విలువైనవిగా కనిపిస్తాయి. ఒకటి నుంచి అయిదు తరగతుల పిల్లలు ఒకే గదిలో గుంపులుగా కూర్చుని, గోడ మీది నిచ్చెన పటంలో తమ మెట్టు ఎక్కడుందో చూసుకుని, తెలుగులో ఉన్న కార్డు తీసుకుని పని చేసుకుంటారు. కొన్ని గుంపులకు ఉపాధ్యాయుడు తోడుంటాడు, కొన్నింటికి పై మెట్టు పిల్లలే తోడుంటారు. జ్వరం వచ్చి వారం రోజులు రాని పిల్ల, ఆగిన మెట్టు దగ్గరే మళ్లీ మొదలుపెడుతుంది. తర్వాత తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో అమలైన కార్యకలాప ఆధారిత బోధనకు మూలం ఇక్కడిదే. ఏడూ ఎనిమిదీ పద్నాలుగని వేసిన పిల్లకు ఇక్కడ పక్కన కూర్చున్న నేస్తం గింజలు పేర్చి మళ్లీ లెక్కపెట్టమంటుంది, ఆ తర్వాతే ఇద్దరూ పై కార్డు కోసం లేస్తారు. ఈ బళ్లు అయిదో తరగతితో ఆగిపోతాయి, ఆరులో చేరే ఉన్నత పాఠశాలలో ఎర్ర సిరా వారి కోసం కాచుకునే ఉంటుంది.