“తినే స్లైమ్ పౌడర్” అని అమ్ముతున్న జాంథన్ గమ్ కవర్లతో జాగ్రత్త, వైజాగ్ వాళ్లు తప్పక చదవండి

పిల్లలున్న వాళ్లూ, ఇంట్లో కేకులూ బ్రెడ్డూ చేసుకునే వాళ్లూ ఒక్క నిమిషం ఇటు చూడండి. మన సిటీలో బేకింగ్ సామాన్లు అమ్మే ఒక షాపు, ఇన్‌స్టాలో కూడా ఆర్డర్లు తీసుకుంటుంది, ఈ సెలవుల్లో “జాంథన్ గమ్, తినే స్లైమ్ పౌడర్, పిల్లలకు పూర్తిగా సేఫ్” అని స్టిక్కర్ అంటించిన కవర్లు అమ్ముతోంది. 100 గ్రాములు 260 రూపాయలు. స్లైమ్ అంటే పిల్లలు చేత్తో సాగదీస్తూ ఆడుకునే జిగురు ముద్ద, జాంథన్ గమ్ అంటే వంటల్లో చిక్కదనానికీ పిండి అతుక్కోవడానికీ వేసే పొడి. లోపల ఉన్నది జాంథన్ గమ్ కాదు. షాపు పేరు ఇక్కడ పెట్టట్లేదు గానీ కవర్ ఎలా ఉంటుందో చెబుతాను, చూస్తే మీకే అర్థమవుతుంది.

మామూలు జిప్ కవర్, దాని మీద రంగురంగుల స్లైమ్ బొమ్మ. తయారు చేసినవాళ్ల అడ్రస్ లేదు, బ్యాచ్ నంబర్ లేదు, ఎప్పుడు ప్యాక్ చేశారో లేదు, తినే సరుకు మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబర్ 14 అంకెలు ఉండాలి కదా, అదీ లేదు. శాకాహారం అని ఆకుపచ్చ చుక్క మాత్రం ఠీవిగా వేశారు. ఇంట్లో పని మీద ఉండి నేను వెళ్లలేదు, పిల్లల గోల పడలేక మా ఆయన వెళ్లి తెచ్చారు.

మైదా లేకుండా జొన్నపిండితో బ్రెడ్ చేసినప్పుడు అది పొడిపొడిగా రాలిపోకుండా నేను జాంథన్ గమ్ ఎప్పటినుంచో వాడుతున్నాను, కాబట్టి అసలు సరుకు చేతికి తెలుసు. చన్నీళ్లలో చిటికెడు చల్లి గిలక్కొడితే చాలు, కాసేపట్లోనే చిక్కబడుతుంది, వాసనంటూ పెద్దగా ఏమీ ఉండదు. ఈ కవర్ విప్పగానే గుప్పుమని పచ్చి చిక్కుడు వాసన! అది గ్వార్ గమ్, అంటే మనం కూర వండుకునే గోరుచిక్కుడు గింజల పొడి. జాంథన్ కంటే బాగా చవక. అదేం విషం కాదు, ఐస్‌క్రీమ్ కప్పు వెనక ఏమేం కలిపారో రాసే చోట కోడ్ నంబర్ 412 అని ఉంటే అదే, 415 అని ఉంటే జాంథన్. కానీ గ్వార్ గమ్‌లో తినడానికి వాడేది వేరు, బట్టల అద్దకానికీ చమురు బావులకీ వెళ్లే సరుకు వేరు. లైసెన్సు నంబరే లేని కవర్లో ఏది పోశారో ఎవరు చెప్పాలి?

అంతటితో ఆగితే బాగుండేది. మా చిన్నోడూ మా ఆడపడుచు కూతురూ కలిసి గిన్నెలో నీళ్లు, రంగు, ఈ పొడి వేసి ఎంత కలిపినా సాగే స్లైమ్ రాలేదు, చీమిడిలా వేళ్ల సందుల్లోంచి జారిపోయే ముద్ద వచ్చింది. ఇంకో గ్లాసులో కాస్త పొడి ఎక్కువ నీళ్లలో కలిపి పక్కన పెడితే అడుగున తెల్లటి పొర పేరుకుంది. చెంచాతో గీరితే గట్టిగా, కిర్రుమంటూ. జాంథన్ అయినా గ్వార్ అయినా అలా అడుగుకి దిగి గట్టిపడదు. అనుమానం వచ్చి ఆ పొర మీద బెటాడిన్ (దెబ్బలకి రాసే అయోడిన్ మందు) చుక్క వేశాను, పాలల్లో గంజి కలిపారేమో చూడటానికి టించర్ అయోడిన్ వేస్తారు చూడండి, అదే పద్ధతి. గోధుమరంగు చుక్క కళ్లముందే నల్లటి నీలంగా మారిపోయింది. పిండిపదార్థం! కార్న్‌ఫ్లోరో ఇంకోటో కలిపేశారు. నా దగ్గర డబ్బాలో ఉన్న పాత జాంథన్ మీద కూడా వేసి చూశాను, రంగు మారలేదు.

షాపుకి ఫోన్ చేశాను. అసలు ఈ పోస్ట్ రాయడానికి కారణం ఆ ఫోనే, డబ్బులు కాదు.

“అందులో కొంచెం వెలిగారం వెయ్యండి మేడమ్, బాగా సాగుద్ది, అందరూ అలాగే చేస్తారు” అన్నాడు.

“తినేది అని రాశారు కదండీ, వెలిగారం ఎలా వేస్తాం?”

“తినమని ఎవరన్నారు మేడమ్, ఆడుకోడానికే కదా!”

విన్నారా? పైన “తినే” అని అచ్చేసి, ఫోన్లో వెలిగారం వెయ్యమంటాడు. వెలిగారం అంటే బోరాక్స్, కంసాలి వాళ్లు బంగారం అతకడానికి వాడేది, క్యారమ్ బోర్డు మీద చల్లే బోరిక్ పౌడర్‌కి దగ్గరి చుట్టం. మన దేశంలో తిండి పదార్థాల్లో కలపడానికి దానికి అనుమతి లేదు. కడుపులోకి వెళితే వాంతులు, విరేచనాలు. తినే పొడి అని నమ్మిన పిల్లలు స్లైమ్ చేతులతోనే చిప్స్ తింటారు, మూడేళ్ల వాళ్లయితే నేరుగా నోట్లోనే పెట్టుకుంటారు. స్లైమ్ సాగాలంటే గ్వార్ గమ్ పోగులను ఒకదానితో ఒకటి ముడివేసేది ఏదో ఒకటి కావాలి, ఆ పని చేసేది వెలిగారమే, ఉత్త పొడీ నీళ్లతో ఆ సాగుడు రాదు. జాంథన్ అయితే వెలిగారం వేసినా పెద్ద తేడా ఉండదు. అంటే అమ్మేవాడికి తను అమ్మేది ఏమిటో బాగానే తెలుసు.

డబ్బులు వెనక్కి ఇవ్వలేదు, విప్పిన కవర్ తీసుకోరట. విప్పకుండా ఎలా తెలుస్తుందో మరి! వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను, ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో కవర్ ఫొటోలు కూడా పెట్టాను. మీ దగ్గర ఇదే కవర్ ఉంటే పారేయకండి, బిల్లుతో సహా ఫొటో తీసి మీరూ పెట్టండి, ఒక్కరు చెబితే కదలరు.

ఇప్పటికే కొన్నవాళ్లు ఆ పొడి పిల్లల చేతికి ఇవ్వకండి. పొడిగా నోట్లో పోసుకుంటే తడి తగిలి ఉబ్బి గొంతులో అడ్డం పడుతుంది. సింకులో పోయకండి, పైపులో జిగురు కట్టేస్తుంది. నేల మీద ఒలికితే ముందు చీపురుతో పొడిగానే ఊడ్చేయాలి, తడిబట్ట పెడితే నేలంతా జారుడు, మా అత్తయ్య పడబోయి గుమ్మం పట్టుకుని ఆగారు.

పిల్లలు ఏడుస్తున్నారు, ఏదో ఒకటి చెయ్యాలి అంటే మెడికల్ షాపులో దొరికే ఇసబ్గోల్ తెచ్చుకోండి, సీల్ ఉన్న డబ్బా. కప్పు నీళ్లకి ఒక చెంచా వేసి, చిన్న మంట మీద జిగటగా అయ్యేదాకా కలుపుతూ ఉడికించి, బాగా చల్లారాక ఇవ్వండి. వీడియోల్లో సాగినంత సాగదు, కానీ పిల్లలకి సరిపోతుంది. మింగించకండి, ఆడుకోవడానికే. ఆట అయ్యాక ఫ్రిజ్‌లో పెట్టండి, మన సముద్రపు ఉక్కకి బయట పెడితే తొందరగా పాడైపోతుంది.