మిడజొలామ్ ముక్కు స్ప్రే: ఇంట్లో ఉండాల్సిన మందే, కానీ ముందే చేయి తిరగాలి

మా పాపకి ఏడేళ్లు. ఫిట్స్‌కి రోజూ రెండుపూటలా లెవెటిరాసెటం సిరప్ పోస్తాం. ఇక్కడ రాసేది ఆ సిరప్ గురించి కాదు. ఫిట్స్ వచ్చి ఎంతకీ ఆగనప్పుడు ఇంట్లోవాళ్లమే ముక్కులో కొట్టే మిడజొలామ్ స్ప్రే గురించి. చాలాకాలంగా వాడుతున్నాం కాబట్టి మంచీ చెడూ రెండూ చెప్పగలను.

ఇంతకుముందు మాకు మలద్వారంలో ఎక్కించే డయాజెపామ్ రాసేవారు. మందుకి వంక పెట్టను, దాంతోనే చాలాసార్లు గట్టెక్కాం. కానీ తెనాలి బస్టాండులో, నలుగురి మధ్య, బిగుసుకుపోయిన ఆడపిల్లకి బట్టలు తీసి ఆ మందు పెట్టాలంటే ఏ తల్లికైనా చేతులాడవు. ఆ రోజు ఎవరో ముక్కూమొహం తెలియని ఆవిడ తన కొంగు అడ్డం పట్టుకుని నిలబడింది. పిల్ల పెద్దదవుతోంది, రేపు స్కూల్లో వస్తే టీచరు ఈ పని చేస్తుందా? డాక్టరుగారిని అదే అడిగాను. అప్పుడు రాశారు ఈ స్ప్రే.

"ముక్కులో కొడితే మెదడుకి పని చేస్తుందా?" అని మా అత్తగారు అనుమానపడ్డారు. పని చేస్తుంది. ముక్కు లోపలి పొర పల్చన, దాని కింద రక్తనాళాలు ఎక్కువ, మందు నేరుగా రక్తంలోకి దిగుతుంది. ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు 46 మంది పిల్లల్లో 188 సార్లు వచ్చిన ఫిట్స్ మీద ముక్కులో మిడజొలామ్, మలద్వారంలో డయాజెపామ్, ఈ రెండు పద్ధతులనూ పోల్చి చూసి, 2006లో ఫలితాలు అచ్చువేశారు. ముక్కులో మిడజొలామే మెరుగని తేలింది. 2005లో లాన్సెట్ పత్రికలో ఇంగ్లండు ఆసుపత్రుల పరిశోధన ఒకటి వచ్చింది. అందులో మిడజొలామ్‌ని బుగ్గ లోపల పోశారు. పది నిమిషాల్లో ఫిట్స్ ఆగి, గంటదాకా మళ్లీ రాకుండా, ఊపిరికి ఇబ్బంది లేకుండా బయటపడినవి 56 శాతం. మలద్వారంలో డయాజెపామ్ ఇస్తే అవి 27 శాతమే.

నన్ను బాగా ఆలోచింపజేసింది మాత్రం అమెరికాలో అంబులెన్సు సిబ్బందితో చేసిన రాంపార్ట్ అనే ట్రయల్. 2012లో వచ్చింది, 893 మంది మీద చేశారు. కొందరికి తొడకండలో మిడజొలామ్ ఇంజెక్షన్, కొందరికి నరంలో లొరాజెపామ్ అనే ఇదే కోవ మందు. నరంలోకి వెళ్లిన మందు ఒంట్లో పడ్డాక త్వరగా పని చేసింది. కానీ కొట్టుకుంటున్న మనిషికి నరం దొరకబుచ్చుకునేసరికే ఐదు నిమిషాలు దగ్గరపడేది. తొడలో సూదికి నిమిషం చాలు. ఆసుపత్రికి చేరేలోపు ఇంకో మందు అక్కర్లేకుండా ఫిట్స్ ఆగినవాళ్లు తొడలో ఇచ్చినవారిలో 73 శాతం, నరంలో ఇచ్చినవారిలో 63 శాతం. మాలాంటి వాళ్లకి దీన్లోంచి అర్థమయ్యేది ఒక్కటే: ఎంత గొప్ప మందన్నది తర్వాత, అది ఎంత త్వరగా ఒంట్లోకి వెళ్లిందన్నది ముందు. ఆటో పిలిచి, ఆసుపత్రిలో చీటీ రాయించేలోపు గడిచే సమయం ఈ సీసా ఇంట్లో ఉంటే మిగులుతుంది.

ఇక సీసా సంగతి. మాకు దొరికే దాంట్లో ఒక్కసారి నొక్కితే అర మిల్లీగ్రాము వస్తుంది. మా పాప ఇరవై కిలోలు, డాక్టరుగారు ఎనిమిది స్ప్రేలు రాశారు, అటు నాలుగు, ఇటు నాలుగు. (మీ పిల్లల లెక్క బరువును బట్టి మారుతుంది, డాక్టరు చెప్పిందే వాడండి.) నాకున్న అసలు కంప్లయింట్ ఇదే. పిల్ల తల ఎగరేస్తుంటే, నోట్లోంచి నురగ వస్తుంటే, ఎనిమిది లెక్కపెట్టడం తేలిక కాదు. సీసా వంచితే గొట్టం గాలి లాగుతుంది, మందు సరిగా రాదు. అందుకే మా ఆయన తల కొద్దిగా ఎత్తి పట్టుకుంటారు, నేను సీసా నిలువుగా పెట్టి పైకే లెక్కపెడుతూ కొడతాను. కొత్త సీసా తెచ్చిన రోజే మూత తీసి, సన్నటి తుంపర వచ్చేదాకా గాల్లో నొక్కి పెట్టుకోవాలి. ఆ పని ఫిట్స్ వచ్చినప్పుడు మొదలుపెడితే మొదటి స్ప్రేలు ఉత్తివే పోతాయి.

అమెరికాలో 2019లో అనుమతి వచ్చిన నేజిలామ్ అనే మిడజొలామ్ ముక్కు స్ప్రేలో ఒక్క నొక్కుకే 5 మిల్లీగ్రాములు పడతాయి. అయితే అది 12 ఏళ్లు దాటినవాళ్లకే. చిన్నపిల్లలకి బరువుని బట్టి డోసు కాబట్టి మన సీసాలో చిన్న చిన్న స్ప్రేలు పెట్టడంలో అర్థముంది. కనీసం బరువుకి ఎన్ని స్ప్రేలో సీసా మీదే పెద్దక్షరాలతో, తెలుగులో వేస్తే ఎన్ని ఇళ్లలో టెన్షన్ తగ్గుతుందో. నేను తెల్ల ప్లాస్టర్ అంటించి "4 + 4" అని మార్కర్‌తో రాసుకున్నాను.

కొట్టాక మా పాపలో మొదట చేతుల అదురు పల్చబడుతుంది. కాసేపటికి ఎడమ బొటనవేలు ఒక్కటే కదులుతుంటుంది, తర్వాత అదీ ఆగుతుంది. ఆపైన మత్తుగా నిద్ర. ఆ నిద్రలో పక్కకి తిప్పి పడుకోబెట్టి ఊపిరి గమనిస్తూ ఉండాలి, ఈ మందుతో కొందరికి ఊపిరి నెమ్మదిస్తుంది. మెలకువ వచ్చాక ముక్కు మంటగా ఉందంటుంది. జలుబుతో ముక్కు దిబ్బడేసినప్పుడు ఏం చేయాలో ముందే అడిగి ఉంచుకోండి.

వచ్చిన ప్రతి ఫిట్‌కీ కొట్టకూడదు. చాలావరకు రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే తగ్గుతాయి. ఐదు నిమిషాలు దాటితే దానంతటది ఆగడం కష్టమని డాక్టర్లు అంటారు, మాకు గీత అక్కడే గీశారు. ఫిట్స్ మొదలవగానే ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కుతాం. తాళాలు, ఉల్లిపాయలు పట్టుకొచ్చే చుట్టాలకి కూడా ఆ పనే అప్పజెబుతాను.

ధర మాకు భారం అనిపించలేదు. చీటీ లేకుండా ఇవ్వరు, చిన్న షాపుల్లో స్టాకుండదు, అయిపోకముందే చెప్పి తెప్పించుకోవాలి. స్కూల్లో రెండో సీసా పెట్టాం, అది తాళం వేసే బీరువాలో కాకుండా క్లాస్ టీచరు డెస్కులో ఉండేలా మాట్లాడుకున్నాం.

ఐదుకి నాలుగు ఇస్తాను. కొనేముందు డాక్టరుని ఒకటి తప్పకుండా అడగండి: పూర్తి డోసు పడ్డాక కూడా ఆగకపోతే మళ్లీ కొట్టాలా, వద్దా? మాకైతే వద్దన్నారు, వెంటనే 108కి ఫోన్ చేయమన్నారు.