స్వేల్‌డేల్ పబ్బులు: ఎక్కడ తినాలి, ఎక్కడ పడుకోవాలి

ఉత్తర ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ డేల్స్ లోయల వైపు కారేసుకుని వెళ్ళే మనవాళ్ళు పల్లెటూరి పబ్బు అంటే మధ్యాహ్నం భోజనానికి ఆగే చోటనే అనుకుంటారు. నేనైతే రాత్రి బసకి పెట్టుకోమంటాను. ఆ లోయల్లో రోడ్లు సన్నం, మలుపులెక్కువ, సాయంత్రం దాటితే బస్సు మీద ఆశ పెట్టుకోలేం. మధ్యాహ్నం ఆగితే స్టీరింగ్ పట్టుకునే మనిషి లెమనేడ్ తాగుతూ మిగతావాళ్ళ మొహాలు చూడాల్సిందే. ఇంగ్లండ్‌లో 100 మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాకా చట్టం ఊరుకుంటుంది, మన దగ్గర 30 దగ్గరే పట్టుకుంటారు. అంత వెసులుబాటు ఉంది కదా అని ఆ రోడ్ల మీద ఎవరూ సాహసం చేయకూడదు. మలుపు తిరిగేసరికి ఎదురుగా ట్రాక్టరుంటుంది, లేదా గొర్రెలుంటాయి.

గుంటూరు నుంచి అన్నయ్యా వదినా వచ్చారు. లీడ్స్‌లో బయల్దేరి మాసమ్, లేబర్న్, హాస్ మీదుగా బటర్‌టబ్స్ కనుమ దాటి స్వేల్‌డేల్ లోయలోకి దిగడం, అక్కణ్ణుంచి టాన్ హిల్‌కి ఎక్కడం, ఇదీ దారి. వదిన శుద్ధ శాకాహారి. అన్నయ్యకి బీరంటే సీసా చెమటలు కక్కుతూ ఉండాలి. ఈ ఇద్దరినీ ఒకే పబ్బులో మెప్పించడమే ఈ ప్రయాణంలో నా ఉద్యోగం.

మాసమ్ చిన్న ఊరే, కానీ పేరున్న బీరు బ్రూవరీలు రెండున్నాయి. థీక్‌స్టన్ 1827 నాటిది. కుటుంబ గొడవల్లో అది చేజారాక అదే ఇంటివాడు పాల్ థీక్‌స్టన్ 1992లో అదే ఊళ్ళో ఇంకోటి పెట్టి, దానికి ‘బ్లాక్ షీప్’ (ఇంటికి తలవంపులు తెచ్చేవాడని అర్థం) అని పేరు పెట్టుకున్నాడు. పాతది కూడా తర్వాత కుటుంబం చేతికే తిరిగొచ్చింది. కథ వినగానే అన్నయ్య మా ఊళ్ళో పొలం పంపకాలు మొదలుపెట్టాడు, లేబర్న్ దాకా అవే నడిచాయి.

కనుమకి ఇవతలి లోయ వెన్స్లీడేల్‌లో దారి పక్కన ఒక పబ్బు, పేరు చెప్పను. గుమ్మం ముందు పూలకుండీలు, బయట బల్లలు, ఫొటోకి ఎంత బావుందో. లోపలికెళ్ళేసరికి రెండూ నలభై. వంటగది రెండున్నరకే కట్టేశారట. బ్రెడ్డు ముక్కైనా ఇస్తారా అంటే బంగాళాదుంప చిప్స్ పాకెట్లు చూపించారు. పల్లెటూరి పబ్బు తలుపు తెరిచి ఉన్నంత మాత్రాన అన్నం పెడుతుందని కాదు. చాలాచోట్ల మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు, రెండున్నర దాకా, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర, తొమ్మిది దాకా, అంతే. ఆదివారం రోస్టు, అంటే ఓవెన్‌లో కాల్చిన మాంసం భోజనం, ఉంటే వేళలు మళ్ళీ వేరు. ఫోన్ చేసి కనుక్కోండి, అదీ లోయలోకి దిగకముందే. దిగాక సిగ్నల్ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు.

బటర్‌టబ్స్ కనుమ గురించి అందరూ రాసేశారు కాబట్టి ఒక్క ముక్క: పైన రోడ్డు పక్కనే ఉన్న సున్నపురాయి గుంటల దగ్గర గాలికి కారు డోరు చేతిలోంచి లాక్కుపోయినంత పనైంది.

మేం దిగిన ఊళ్ళో పబ్బు పై అంతస్తులో గదులిస్తారు. రాత్రికి 120 పౌండ్లు, పొద్దుటి టిఫిన్ కలిపి. మందపాటి రాతి గోడలు, అన్నయ్య తలకి ఒకటికి రెండుసార్లు తగిలిన దూలాలు, ఒకవైపు వాలిన నేల. లిఫ్టు లేదు. ఎయిరిండియా కొలతల పెద్ద సూట్‌కేసుని ఆ మెట్ల మీద ఎక్కించడానికి ఇద్దరు మనుషులు కావాలి. రాత్రికి కావలసినవి చిన్న సంచిలో సర్దుకుని మిగతాది కారులోనే వదిలేయండి. గదిలో కెటిల్, టీ పొట్లాలు, బిస్కట్లు ఉన్నాయి, బాత్రూమ్ శుభ్రంగా ఉంది.

కింద హాల్లో కూర్చుని పది నిమిషాలైనా ఎవరూ రాలేదు. “ఒరేయ్, ఇక్కడ సర్వర్లుండరా?” అన్నాడు అన్నయ్య. ఉండరు. బల్ల మీద రాసున్న నంబరు గుర్తుపెట్టుకుని, మనమే బార్ దగ్గరికెళ్ళి తిండీ తాగుడూ చెప్పి, డబ్బు కట్టి రావాలి. ప్లేట్లు మాత్రం వాళ్ళే తెస్తారు. బార్ ముందు వరస కనపడదు, కానీ ఎవరి తర్వాత ఎవరొచ్చారో అక్కడి అమ్మాయికి కచ్చితంగా తెలుసు. చెయ్యి ఊపినా, నోటు ఆడించినా మన వంతు ముందుకు రాదు.

బీరు దగ్గర వచ్చింది తంటా. ఇక్కడి గొప్పంతా పీపాల్లోంచి చేతి పంపుతో తోడే కాస్క్ ఏల్. ఆ అమ్మాయి పొడవాటి చెక్క పిడిని నిదానంగా ఒళ్ళోకి లాగింది. గ్లాసులో తేనె రంగు సుళ్ళు తిరిగి, అడుగు నుంచి తేటబడుతూ పైకొచ్చింది. కాస్త ఆగి, నురగ తగ్గాక ఇంకో సగం లాగు లాగి అంచుదాకా నింపింది. పింట్ అంటే 568 మిల్లీలీటర్లు, ఐదు పౌండ్ల చిల్లర. అన్నయ్య ఒక గుక్క తాగి, “వేడి చేసిచ్చారా ఏంటి?” అన్నాడు. ఈ ఏల్‌ని 11 నుంచి 13 డిగ్రీల మధ్య ఇస్తారు, అంతకంటే చల్లబరిస్తే రుచి చచ్చిపోతుందంటారు. గ్యాసు కూడా తక్కువే. నచ్చుతుందో లేదోనని అనుమానముంటే ముందు రుచి చూస్తామని అడగండి, చిన్న గ్లాసులో కొంచెం పోసిస్తారు, ఏమీ అనుకోరు. రెండో పంపు మీద ‘ఇండియా’ అన్న మాట చూసి అన్నయ్య అదేదో మన సరుకనుకున్నాడు. ఒకప్పుడు ఓడల్లో కలకత్తా, మద్రాసు వెళ్ళిన తెల్లవాళ్ళ కోసం చేదునిచ్చే హాప్స్ పూలు దండిగా వేసి కాచిన బీరు అది. దాన్ని మాత్రం పూర్తిగా తాగాడు.

లోపల పొగ వాసన లేదని వదిన స్థిమితపడింది. 2007 నుంచి ఇంగ్లండ్‌లో పబ్బుల లోపల సిగరెట్ నిషిద్ధం. పక్క బల్ల కింద రెండు కుక్కలు పడుకున్నాయి, పైన ముగ్గురు పిల్లలు బొమ్మలకి రంగులేస్తున్నారు. మన దగ్గర బార్ అంటే ఉండే బెరుకు పావుగంటలో పోయింది. శాకాహారులు మాత్రం మెనూలో శాకాహార గుర్తు చూసి ఊరుకోకండి. యార్క్‌షైర్‌లో చిప్స్‌ని (మనం ఫ్రెంచ్ ఫ్రైస్ అనేవి) గొడ్డు కొవ్వులో వేయించే అలవాటు ఇంకా ఉంది, రోస్టు మీద పోసే గ్రేవీ కూడా మాంసం రసమే కావచ్చు. అడిగితే దాచరు. “చిప్స్‌కి నూనె వేరేగా ఉందండీ, గ్రేవీ కూడా విడిగా చేస్తాం” అని లోపలికెళ్ళి కనుక్కునొచ్చి మరీ చెప్పారు. వదిన పుట్టగొడుగుల ‘పై’ (పిండి పొరలో కూర పెట్టి కాల్చే వంటకం) తింది, ఉప్పు చాలలేదంది. నా గొర్రె మాంసం మాత్రం ఎముక నుంచి ఊడివచ్చేలా ఉడికింది. అందరికీ కలిపి 90 పౌండ్ల లోపే అయింది.

టాన్ హిల్ ఇన్ మర్నాడు. కెల్డ్ అనే ఊరు దాటాక కంచెలు పోతాయి, ఇళ్ళు పోతాయి, చుట్టూ గోధుమరంగు గడ్డి, రోడ్డు మీదే గొర్రెలు. 1,732 అడుగుల ఎత్తున బ్రిటన్ మొత్తానికీ ఎత్తైన పబ్బు ఇదే. “మన అరకు ఇంతకంటే ఎత్తు కదరా,” అని అన్నయ్య తీసిపారేశాడు. నిజమే, కానీ అరకులో 61 మంది మంచులో చిక్కుకుని మూడు రాత్రులు పబ్బులో గడపలేదు. 2021 నవంబరులో అర్వెన్ తుఫాను రోజుల్లో ఇక్కడ అదే జరిగింది. మేం వెళ్ళినప్పుడు ఎండే కాసింది, అయినా లోపల పొయ్యి మండుతూనే ఉంది. పెనైన్ వే అనే పొడవాటి కాలిబాట నడిచేవాళ్ళు బురద బూట్లతో సూప్ తాగుతున్నారు. మధ్యాహ్నం ఒక గంట కూర్చోడానికి, ఆ దారిన వెళ్ళడానికి తప్పకుండా రండి. పల్లెటూరి పబ్బు కోసమే వచ్చేవాళ్ళకి మాత్రం ఇక్కడ ఊరే లేదు. సాయంత్రమయ్యేసరికి గొర్రెల ధరలు మాట్లాడుకుంటూ బార్‌కి ఆనుకునే రైతులు కింద లోయలోనే దొరుకుతారు.

ఒక్క ఇబ్బంది చెప్పి తీరాలి. రాత్రి మేం దిగిన పబ్బులో మా గది సరిగ్గా బార్ నెత్తి మీద. పదకొండింటికి ఆఖరి ఆర్డర్ల గంట కొట్టేదాకా నవ్వులు, కుర్చీలు జరిపిన చప్పుడు అన్నీ పైకి వినిపించాయి. నేనూ అన్నయ్యా ఆ చప్పుడు చేసేవాళ్ళలోనే ఉన్నాం కాబట్టి మాకేం తేడా తెలియలేదు. వెనక పెరట్లో పాత గుర్రపుశాలని గదులుగా మార్చారట, పది పౌండ్లు ఎక్కువ. ఈసారి పబ్బు మీ ఇష్టం, గది మాత్రం నేనే బుక్ చేస్తానని వదిన తిరుగుదారిలోనే తేల్చేసింది.