బుఖారా గుమ్మటాల బజారు

ఉజ్బెకిస్తాన్‌లోని బుఖారా పాతబస్తీలో దుకాణాలు చూడాలంటే, ల్యాబీ హౌజ్ కోనేటి దగ్గర మొదలుపెట్టి కల్యాన్ మినారు దాకా నడవడమే మంచి పద్ధతి. 16వ శతాబ్దంలో షైబానీ వంశపు రాజుల ఏలుబడిలో, వీధులు కలిసే కూడళ్ల మీద గుమ్మటాలు కట్టి వాటి కింద వర్తకులకు చోటిచ్చారు. వాటిలో నాణేలు మార్చే సర్రాఫులది, టోపీలవారిది, నగల వర్తకులది అనే మూడు గుమ్మటాలు నేటికీ దుకాణాలతో నిండి ఉన్నాయి. మిట్టమధ్యాహ్నం ఎండలోంచి వీటి కిందికి రాగానే, ఆ మందపాటి ఇటుక గోడలను ఎందుకు కట్టారో ఒంటికే తెలుస్తుంది.

సరుకు విషయంలో మాత్రం ఓపిక అవసరం. ఒకే రకం శాలువాలు, పింగాణీ పళ్లేలు పక్కపక్కనే ఉన్న కొట్లన్నింటిలోనూ కనిపిస్తాయి. యంత్రంపై కుట్టినదాన్ని చేతిపని అని చెప్పి అమ్మజూపేవారూ ఉన్నారు. అందుకే సుజానీ, అంటే పువ్వులూ తీగలూ కుట్టిన ఇక్కడి సంప్రదాయ గుడ్డ, కొనదలచినవారు ముందుగా దాని అతుకులను పరిశీలించాలి. సన్నటి గుడ్డ పట్టీలను వదులుగా జతచేసి, వాటి మీద పువ్వులూ తీగలూ గీసి, మళ్లీ విడదీసి ఇంట్లోని ఆడవారు తలా ఒకటి కుట్టి, చివరకు కలిపేయడం పాత పద్ధతి కాబట్టి, అతుకు దగ్గర సగం పువ్వు రెండో సగంతో కాస్త తప్పడం, రంగు కొద్దిగా మారడం అసలైన పనికి గుర్తులు. నేను చూసిన ఒక పాత సుజానీలో దానిమ్మపండు ఎరుపు ఒక పట్టీలో ముదురుగా, పక్క పట్టీలో ఇటుక రంగులో ఉంది. నాకు అదే అన్నింటికంటే అందంగా తోచింది. కొంకి సూదితో ఇక్కడివారు వేసే గొలుసుకుట్టు, మన మగ్గం వర్క్ తెలిసినవారికి వెంటనే పోల్చుకోవడానికి వీలుగా ఉంటుంది.

తివాచీలకు 1577 నాటి అబ్దుల్లా ఖాన్ తీము అనే కప్పు ఉన్న బజారులోకి వెళ్లవచ్చు. బుఖారా తివాచీలుగా పేరుపడిన ఎర్రటివి చాలావరకు తుర్క్‌మెన్‌ల నేత. ఇక్కడి సంతలో అమ్ముడుపోవడం వల్ల ఆ పేరు వచ్చింది.

నేను మనస్ఫూర్తిగా సిఫారసు చేసేది కమ్మరి కొట్లను. కొలిమి పక్కనే కూర్చుని, కొంగ ఆకారంలో కత్తెరలు చేస్తారు: ముక్కు కత్తెర రెండు రెక్కలుగా విచ్చుకుంటుంది, మెడా ఒళ్లూ పిడిగా మారతాయి. ఒకప్పుడు ఈ ఊరి మినార్ల మీద కొంగలు గూళ్లు కట్టేవి; సోవియట్ కాలంలో రోగాల భయంతో కోనేళ్లను చాలావరకు ఎండగట్టాక అవి రావడం మానేశాయి. కొనే ముందు పలుచని గుడ్డ ముక్క అడిగి కత్తిరించి చూడండి; మంచి కమ్మరి తానే ముందుగా ఇస్తాడు. ధర తగ్గించమని అడగడం అక్కడ తప్పు కాదు, కానీ కళ్లముందే సాగగొట్టి, సానబట్టిన వస్తువుకు గీచి గీచి బేరమాడడం నాకు న్యాయంగా అనిపించలేదు. పర్యాటకుల గుంపులు రాకముందే, ఉదయం పూట వెళితే పని దగ్గర నిలబడి చూడనిస్తారు. తిరుగు ప్రయాణంలో కత్తెరను చేతిసంచిలో కాకుండా విమానంలో అప్పగించే పెట్టెలోనే పెట్టుకోవాలి.