బంజుల్‌లో బస: ఊళ్లోనా, సముద్రపొడ్డునా?

పశ్చిమాఫ్రికా దేశం గాంబియా రాజధాని బంజుల్ మన మండల కేంద్రమంత ఊరు. నది సముద్రంలో కలిసేచోట, దీవి మీద 1816లో బ్రిటిష్‌వాళ్లు కట్టారు. 1973 దాకా పేరు బాథర్స్ట్. ఇక్కడ దిగితే ఆల్బర్ట్ మార్కెట్‌కు నడిచే వెళ్లొచ్చు. కానీ హోటళ్లు తక్కువ, చీకటి పడితే వీధులు సద్దుమణుగుతాయి.

హోటళ్లు ఎక్కువగా పడమటి తీరంలో, కోటు, కొలోలి వైపే. ఈత, తిండి, రాత్రి సందడి, బిజిలో అడవిలో కోతులు కూడా అటే. విమానాశ్రయమూ దగ్గరే. కాకపోతే ‘సాయం చేస్తాం’ అంటూ బీచ్‌లో కుర్రాళ్లు వెంటపడతారు; నవ్వి వద్దనేసి నడిచిపోవడమే.

నేనైతే కొలోలిలో దిగి, ఒక పగలు బంజుల్‌కిస్తాను. నది దాటి, బానిస వ్యాపార చరిత్రకు పేరున్న జుఫురే పల్లె చూడాలంటే మాత్రం ముందురాత్రి బంజుల్‌లోనే పడుకోండి, పొద్దున్నే అవతలి ఒడ్డు బర్రాకు వెళ్లే ఫెర్రీ అందుతుంది.