ఈమ్ గ్రామం: మూసిన చర్చి, పొలాల్లో సమాధులు

ఇంగ్లండులోని డెర్బీషైర్ కొండల నడుమనున్న ఈమ్ గ్రామానికి చాలామంది ఉదయం షెఫీల్డ్‌లో బస్సెక్కి వచ్చి, చర్చి, మ్యూజియం చూసుకొని సాయంత్రానికి వెళ్ళిపోతారు. మేము ఆ ఊళ్ళోనే ఒక రాత్రి ఉన్నాము. అసలు చూడవలసినవి ఊరి బయట ఉన్నాయి కనుక అదే మంచిదైంది.

1665 వేసవి చివర లండన్ నుంచి ఇక్కడి దర్జీ ఇంటికి వచ్చిన గుడ్డల మూటతో ప్లేగు ఊళ్ళోకి దిగిందని చెబుతారు. ఆ ఇంట్లో పనిచేసే జార్జ్ వికార్స్ సెప్టెంబరు మొదటి వారంలో మొదట పోయాడు. మరుసటి జూన్‌లో పాస్టరు విలియం మాంపెసన్, రోగం పక్క ఊళ్ళకు పాకకుండా ఎవరూ పొలిమేర దాటవద్దని జనాన్ని ఒప్పించాడు. అయితే అతడు కొత్తగా వచ్చినవాడు, ముప్పై ఏళ్ళైనా నిండనివాడు. ఊరివారి గురి, ప్రభుత్వం విధించిన ప్రార్థనా పద్ధతికి తలవంచక పదవి పోగొట్టుకున్న పాత పాస్టరు థామస్ స్టాన్లీ మీద ఉండేది. మత విషయాల్లో పొసగని ఆ ఇద్దరూ ఒక్కటై చెప్పబట్టే ఊరు విన్నది; పేరు మాత్రం మాంపెసన్‌కే ఎక్కువగా దక్కింది, అది నాకు న్యాయమనిపించలేదు. 14 నెలల్లో దాదాపు 260 మంది చనిపోయారు.

సెయింట్ లారెన్స్ చర్చి ఆవరణలో ఎనిమిదో శతాబ్దపు సాక్సన్ శిలువ ఉంది. దాని కంబంలో కొంత భాగం పోవడంతో పొట్టిగా మిగిలినా, ఏటవాలు ఎండలో మెలికల చెక్కడం స్పష్టంగా కనిపిస్తుంది. 1666 ఆగస్టులో పోయిన మాంపెసన్ భార్య కేథరిన్ సమాధి కూడా అక్కడే ఉంది. ఇంతకీ ఈ చర్చికి పేరు తెచ్చిన ఆ నెలల్లోనే దాని తలుపులు మూసి ఉన్నాయి: ప్రార్థనలు కక్‌లెట్ డెల్ఫ్ అనే లోయలో, కుటుంబాలు ఎడంగా నిలబడగా, ఆరుబయట జరిగాయి, పోయినవారిని ఎవరి పొలంలో వారే పూడ్చుకున్నారు.

అందుకే రైలీ సమాధుల దాకా నడవాలి. ఎలిజబెత్ హాంకాక్ అనే ఇల్లాలు ఎనిమిది రోజుల్లో, ప్లేగుతో పోయిన భర్తనూ ఆరుగురు బిడ్డలనూ తానే అక్కడ పూడ్చింది. చుట్టూ గుండ్రని రాతిగోడ, లోపల గడ్డి, కొన్ని రాళ్ళు, అంతే. అక్కడ నిలబడినంతసేపు మాలో ఎవరమూ మాట్లాడలేదు.

మ్యూజియం పాత మెథడిస్టు ప్రార్థనాలయంలో ఉంది. చిన్నదే అయినా, రోగం ఇంటింటికీ ఎలా పాకిందో చక్కగా వివరించారు. చలికాలంలో మూసివేస్తారు కనుక ముందే కనుక్కోవాలి. బస విషయంలో మాత్రం పొరపాటు చేశాము. పబ్బు మీది గది ముచ్చటగానే ఉంది కానీ, వంటిల్లు ఎనిమిదింటికే కట్టేశారు. శాకాహారులమని ముందే రాసినా ఉదయం బీన్సూ టోస్టూ తప్ప ఏమీ లేవు. కుటుంబంతో వెళ్ళేవారికి వండుకొనే వీలున్న యూత్ హాస్టల్ నయమని నా అభిప్రాయం.

తిరుగు ప్రయాణానికి ముందు, స్టోనీ మిడిల్‌టన్ వైపు పొలాల్లో ఉన్న పొలిమేర రాయి దాకా వెళ్ళాము. అప్పట్లో ఈమ్ వాళ్ళు, రోగం అంటకూడదని దాని గుంటల్లో వెనిగర్ పోసి, అందులో నాణేలు వేస్తే, పక్క ఊరివారు సరుకులు పెట్టి వెళ్ళేవారట. మేము వెళ్ళేసరికి ఆ గుంటల్లో వాన నీరు నిలిచి ఉంది. మా అమ్మాయి ఒకదానిలో వేలు పెట్టి చూస్తే రెండో కణుపు దాకా దిగింది.