నీటి నిల్వకు ఏది మేలు: జలాశయమా, భూగర్భమా?

వానలు ముంచెత్తిన ఏడాదిలోనూ, ముఖం చాటేసిన ఏడాదిలోనూ పాఠకులు ఒకే ప్రశ్న అడుగుతున్నారు: వచ్చిన నీటిని ఆనకట్టతో నిలపాలా, నేలలోకి ఇంకించి దాచుకోవాలా? ఉష్ణోగ్రత ఒక్కో డిగ్రీ సెల్సియస్ పెరిగే కొద్దీ గాలి సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టి ఉంచగలదు కనుక, కుండపోత వానలూ, వానల మధ్య నేలను పీల్చేసే ఎండలూ రెండూ ముదురుతాయి. ఈ ప్రశ్నను ఆ మార్పును దృష్టిలో ఉంచుకునే తూచాలి.

వరదను పట్టడంలో జలాశయానికి సాటి లేదు. గంటల వ్యవధిలో వచ్చిపడే ప్రవాహాన్ని ఇంకుడు చెరువులు అంత వేగంగా మింగలేవు. పైగా ఒండ్రు పేరుకుంటే వాటి అడుగు మూసుకుపోతుంది. జలాశయంలోనూ పూడిక చేరుతుంది గానీ, అందులోని నీరు చాలాచోట్ల పంపు అవసరం లేకుండానే కాలువకెక్కుతుంది, విద్యుత్తునూ ఇస్తుంది.

అయినా నా దృష్టిలో తీర్పు చెప్పేది ఆవిరి నష్టమే. నైలు నదిపై ఈజిప్టు, సూడాన్ 1959లో కుదుర్చుకున్న ఒప్పందం, ఏటా సగటున వచ్చే 8,400 కోట్ల ఘనపు మీటర్లలో 1,000 కోట్లను నిల్వ నష్టాల కిందనే తీసేసి మిగతాదాన్ని పంచింది. అంటే ఎనిమిదో వంతుకు దగ్గరగా, ఏ పొలానికీ ఏ గొంతుకూ అందని నీరు. వేడి పెరిగితే ఈ నష్టం పెరుగుతుందే గానీ తగ్గదు. నేల కింద లోతుగా చేరిన నీటిని ఎండ తాకదు. వరుస కరువులకు కావలసింది అలా ఏళ్ల తరబడి నిలిచే నిల్వే. నమీబియా రాజధాని విండ్‌హోక్ జలాశయాల నీటిని శుద్ధిచేసి బోర్ల ద్వారా రాతి పొరల్లోకి పంపి దాస్తున్నది ఇందుకే.

అయితే భూగర్భ నిల్వకు కాపలా కావాలి. ఒకరు ఇంకించిన నీటిని పక్కవారు ఎంతైనా తోడుకోగలిగితే ఇంకించేవారే మిగలరు. అందుకే తోడకానికి కొలత, పరిమితి లేనిచోట ఈ పద్ధతిని నేను సిఫారసు చేయను.

సముద్రపు నీటిని మంచినీరుగా మార్చడం తీర నగరాలకు ఆపద్ధర్మం. ఘనపు మీటరుకు మూడు నాలుగు యూనిట్ల విద్యుత్తు అడిగే ఆ నీటితో సాధారణ పంటలు పండించలేం.

కొత్తగా కట్టేవారు ముందు నేల పొరలను పరీక్షించి, ఇంకే చోట ఇంకించడమే మంచిది. లోతైన ఇరుకు లోయల్లో, చల్లని ఎత్తైన ప్రాంతాల్లో, నీరు దిగని గట్టి రాతి నేలల్లో మాత్రం నేనూ ఆనకట్టనే ఎంచుకుంటాను.